పదివేల బొమ్మలు ఎందుకండీ? చేత్తో గీయగలిగినన్ని చాలు

"వైజాగ్‌లో ఉంటూ, చేత్తో గీసిన సరదా బొమ్మలతో ఎన్‌ఎఫ్‌టీ కలెక్షన్ తేవాలంటే ఎన్ని బొమ్మలు ఉండాలి, ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు.

ఎన్‌ఎఫ్‌టీ అంటే, ఫలానా టోకెన్ ఫలానావారిది అని బ్లాక్‌చైన్ అనే ఆన్‌లైన్ చిట్టాలో నమోదయ్యే డిజిటల్ టోకెన్. ఎక్కడన్నది తర్వాత చూద్దాం. ముందు 10,000 అనే అంకెను బుర్రలోంచి తీసేయండి. 2017లో క్రిప్టోపంక్స్ అనే పదివేల ముఖాల కలెక్షన్ వచ్చినప్పుడు టోపీలూ కళ్లజోళ్లూ జుట్టూ మార్చి మార్చి అన్ని ముఖాలనూ ప్రోగ్రామే కలిపింది. వాళ్లకది నప్పింది. తర్వాత వచ్చినవాళ్లంతా అదే అంకె పట్టుకుని వేలాడారు. చేత్తో గీసేవాళ్లకు ఆ లెక్కతో పనేంటి? ఇష్టంగా ఎన్ని గీయగలిగితే అన్నే పెట్టండి. కానీ ప్రతి బొమ్మా కళ్లారా చూసి గీసినదై ఉండాలి.

నా కలెక్షన్ నిండా మన సముద్రపు జీవాలే. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే చందువా, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినే కోనాం, పెళ్లిపీటల మీద పీతల జంట. వీటికోసం తెల్లవారకముందే ట్యాబ్ పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లేవాణ్ణి. ఓ రోజు పీతలు అమ్మే మామ్మ పక్కన కూర్చుని గీస్తుంటే, ఆవిడ తొంగిచూసి "ఏటి బాబూ, ఇందులో పెళ్లికూతురేది?" అంది. పట్టుచీర కట్టుకున్నదాన్ని చూపించాను. "సీర కాదు, ఇటు సూడు" అంటూ బుట్టలోంచి రెండు పీతల్ని తీసి వెల్లకిలా తిప్పింది. డెక్కలకు తాడు కట్టి ఉంది. మగపీతకు పొట్ట మీద మడత సన్నగా, మొనదేలి ఉంది. ఆడపీతకు అదే మడత వెడల్పుగా, గుండ్రంగా ఉంది. గుడ్లు మోసేది దాని కిందేనట. వేలితో మడత అంచు కొంచెం లేపి మరీ చూపించింది. అక్కడికక్కడే ఇంకో బొమ్మ మొదలుపెట్టాను: ఫొటోగ్రాఫర్ ముందు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వెల్లకిలా పడుకుని, మెడలో దండలతో నవ్వుతుంటారు.

మొదట అమ్ముడుపోయింది అదే. కొన్నాయనది భీమిలి, ఉద్యోగం పరాయి దేశంలో. "ఆడపీత, మగపీత కరెక్టుగా ఉన్నాయండీ" అని మెసేజ్ పెట్టారు. ఏ ప్రోగ్రామ్‌కీ ఆ మాట రాదు.

ఇక ఎక్కడంటే, నేను పాలిగాన్ అనే బ్లాక్‌చైన్‌లో మింట్ చేస్తాను, అంటే బొమ్మకు టోకెన్ తయారుచేస్తాను. మనవాళ్లు 2017లో మాటిక్ పేరుతో మొదలుపెట్టిందే అది, లావాదేవీకి కట్టే గ్యాస్ ఫీజు చాలా తక్కువ. మామూలుగా బ్లాక్‌చైన్‌లో ఉండేది టోకెన్, బొమ్మ ఉన్న చోటికి లింకు మాత్రమే. కాబట్టి బొమ్మను మీ సొంత వెబ్‌సైట్‌లో కాక ఐపీఎఫ్‌ఎస్ అనే, చాలా కంప్యూటర్లు కలిసి ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌లో పెట్టి, అక్కడ నిలిచి ఉండేలా పిన్ చేయించండి. "మీ కలెక్షన్ మొత్తం కొంటాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్లను బ్లాక్ చేయండి. మీ క్రిప్టో వాలెట్‌కు తాళంచెవి లాంటి సీడ్ ఫ్రేజ్ (రహస్య పదాల వరుస) ఎవరికీ ఇవ్వొద్దు.

ట్యాక్స్ గురించి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల అమ్మకంలో లాభానికి 30 శాతం పన్ను. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు, ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాంట్లో సర్దుకోనివ్వరు. పైగా 1 శాతం టీడీఎస్. కొని అమ్మేవాడికి కొన్న ధర ఉంటుంది, గీసినవాడికి ఎక్కడిది? రాత్రుళ్లు మేలుకుని గీసిన శ్రమకు విలువ కట్టే గడే లేదా? అమ్మకానికి పెట్టే ముందే మంచి ఆడిటర్‌ని కలవండి.

చుట్టాలు కూడా అంతే. "పెళ్లికార్డుకు చిన్న బొమ్మే కదా, గీసి పెట్టు బాబూ" అంటారు. కార్డు ప్రింట్ చేసేవాడికి మాత్రం అడ్వాన్స్ ఇస్తారు! ఎన్‌ఎఫ్‌టీలో నాకు నచ్చింది ఇదే: ఎంత చిన్న బొమ్మకైనా ధర నేనే పెడతాను, కావాలంటే ఆ ధరకు కొంటారు.

ఇంకొకటి. టోకెన్ అమ్మినంత మాత్రాన కాపీరైట్ చేతులు మారదు, మీరు రాసిస్తేనే మారుతుంది. కొన్నవాళ్లు ఆ బొమ్మను టీషర్టు మీద వేసుకోవచ్చా, వేసి అమ్ముకోవచ్చా అన్నది కలెక్షన్ పేజీలోనే తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టండి. నేనైతే వేసుకోవడానికి సరే అన్నాను, అమ్ముకోవాలంటే ముందు నన్ను అడగమన్నాను.