కుర్చీది తప్పు, గొంతుకు శిక్ష

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. అమెరికాలోని ఆరోగ్య బీమా ఖాతాదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగం నాది. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర వరకు షిఫ్టు ఉంటుంది. ఆఫీసుకు వెళ్లి పనిచేసిన నాలుగేళ్లలో గొంతుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఇంటి నుంచి పని మొదలుపెట్టిన తరువాత, ముఖ్యంగా గత రెండు నెలలుగా, అర్ధరాత్రి అయ్యేసరికి గొంతు బొంగురుపోతోంది. ఏదో అడ్డుపడినట్టు ఉండి మాటిమాటికీ గొంతు సవరించుకోవలసి వస్తోంది. మెడ, ఎడమ భుజం పట్టేస్తున్నాయి. మంచం అంచున కూర్చుని, ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టుకుని పనిచేస్తాను. అత్తయ్యగారు రోజూ మిరియాల పాలు ఇస్తున్నారు. గొంతుకు విశ్రాంతి దొరుకుతుందని పగలంతా గుసగుసగానే మాట్లాడుతున్నాను. ‘కూర్చుని మాట్లాడే ఉద్యోగానికి ఇన్ని నొప్పులా?’ అని మావారు అంటున్నారు. ఉద్యోగం మానుకోవలసి వస్తుందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడినది, ఆఫీసులో నాలుగేళ్లు ఇదే పని చేసినా గొంతు బాగానే ఉందన్న మాట. మాట్లాడే గంటలు మారలేదు, మాట్లాడే మనిషీ మారలేదు. మారినవి కుర్చీ, గది, చెవికి తగిలించుకునే హెడ్‌సెట్, పని మధ్యలో టీకని లేచే అలవాటు. అందుచేత మందు సంగతి తరువాత మాట్లాడుకుందాము, ముందు వీటిని చూద్దాము.

మెడనొప్పి, గొంతునొప్పి వేర్వేరు బాధలని మీరు అనుకుంటున్నట్టున్నారు. స్వరపేటిక మెడలో కండరాల మధ్య ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది. దానిని పైనుంచి పట్టి ఉంచే గుర్రపునాడా ఆకారపు చిన్న ఎముక శరీరంలో మరే ఎముకతోనూ కీలుగా కలవదు. దవడ, నాలుక, పుర్రె అడుగుభాగం, రొమ్ము ఎముకల నుంచి వచ్చే కండరాలే దానికి ఆధారం. స్టూలు మీది తెరను చూడటానికి మీరు వంగి గడ్డం ముందుకు చాపినప్పుడు, సుమారు ఐదు కిలోల బరువుండే తలను మోయటానికి మెడ కండరాలన్నీ బిగుసుకుంటాయి, ఆ బిగింపులో స్వరపేటిక కూడా చిక్కుకుంటుంది. దానికి తోడు పొట్ట మడతపడి ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరి అందించవలసిన బలాన్ని గొంతు నొక్కి తెచ్చుకోవలసి వస్తుంది. రాత్రి పన్నెండుకు మీ గొంతు బొంగురుపోవటం, అదే వేళకు భుజం పట్టేయటం అందువల్లనే.

మీవారికి ఒక చిన్న లెక్క వినిపించండి. మాట్లాడేటప్పుడు స్త్రీల స్వరతంత్రులు, అంటే స్వరపేటికలో కంపించి ధ్వని పుట్టించే రెండు మడతలు, సెకనుకు దాదాపు 200 సార్లు ఒకదానినొకటి తాకి విడిపోతాయి. విరామాలన్నీ తీసివేసి ఒక షిఫ్టులో నికరంగా ఒక్క గంట ధ్వని వెలువడిందనుకున్నా, అది 7,20,000 తాకిడులవుతుంది. అరచేతులతో అన్నిసార్లు చప్పట్లు కొట్టినవారిని ఎవరూ ‘కూర్చునే కదా కొట్టారు’ అనరు.

ఇక హెడ్‌సెట్. చుట్టూ చప్పుడు ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్సుకు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లో వివరించాడు. తన గొంతు తనకు సరిగా వినిపించకపోయినా అదే జరుగుతుంది. బయటి శబ్దాన్ని పూర్తిగా మూసివేసే హెడ్‌సెట్లలో కొన్ని మన మాటను కూడా మన చెవికి అందనివ్వవు. పక్క గదిలో టీవీ మోగుతూ ఉంటే ఆ రెండూ కలుస్తాయి. షిఫ్టులో ఒక చెవిని కొద్దిగా తెరిచి ఉంచి మాట్లాడి చూడండి, లేదా హెడ్‌సెట్‌లో మీ గొంతు మీకు వినిపించే సదుపాయం ఉంటే దానిని పెట్టుకోండి. మైకు నోటికి దగ్గరగా ఉంటే అరవవలసిన పని లేదు. అవతలివారు అమెరికాలో ఉన్నారు కనుక గట్టిగా మాట్లాడాలన్న భ్రమ చాలామందిలో చూశాను.

మీరు పాటిస్తున్న గుసగుస వెంటనే మానండి. గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతును మామూలుకంటే ఎక్కువగా బిగిస్తారు; అది విశ్రాంతి కాదు. మెల్లని మామూలు మాట, లేదా పూర్తి మౌనం, ఈ రెండే విశ్రాంతి. గొంతు సవరించుకోవటం కూడా తంత్రులను ఒకదానికొకటి మొత్తటమే. సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీరు మింగండి. తాగిన నీరు నేరుగా స్వరతంత్రులను తాకదు, అది అన్నవాహికలోకి పోతుంది; ఒంట్లోకి ఇంకిన తరువాతనే అక్కడికి చేరుతుంది. కనుక గొంతు ఎండిన తరువాత చెంబెడు తాగటం కన్నా, మధ్యాహ్నం లేచినప్పటి నుంచి కొద్దికొద్దిగా తాగటం మేలు. ఏసీ గాలి పొడిగా ఉంటుంది. బెజవాడ మే నెలలో ఏసీ ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. గాలి ముఖానికి తగలకుండా తిప్పుకుని, 26 డిగ్రీల దగ్గర పెట్టుకోండి.

గొంతులో ఏదో అడ్డుపడినట్టుండటం గురించి ఒక అనుమానం ఉంది. రాత్రి ఉద్యోగాల వారిలో చాలామంది షిఫ్టు ముగించి, ఆవకాయో గోంగూర పచ్చడో కలుపుకుని నాలుగు ముద్దలు తిని వెంటనే నడుము వాలుస్తారు. మీరేమి తింటారో రాయలేదు గాని, అలా చేస్తూ ఉంటే కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగబాకుతుంది. గొంతు గరగర, నిద్ర లేచేసరికి బొంగురు, అడ్డుపడిన భావన దాని లక్షణాలే. ఆఖరి భోజనానికి, పడకకు మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. తలవైపు మంచం కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి; దిండ్లు పేర్చటం వల్ల మెడే వంగుతుంది. మిరియాల పాలు అత్తయ్యగారి ప్రేమగా ఒకటి రెండు గుక్కలు తాగండి, కాని పడుకోబోయే ముందు వద్దు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరుతుంది, అంతవరకు మంచిదే. అతిమధురం మాత్రం రక్తపోటు ఉన్నవారు రోజూ వాడకూడదు.

తెరను కంటి ఎత్తుకు తెచ్చుకోవటానికి పాత పంచాంగాలు, పిల్లల పుస్తకాలు పేర్చినా చాలు, విడి కీబోర్డు మాత్రం కొనుక్కోండి. మంచం వదిలి వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు అందకపోతే పీట వేసుకోండి. షిఫ్టుకు ముందు, మధ్యలో రెండుసార్లు, గ్లాసెడు నీటిలో స్ట్రాను రెండంగుళాల లోతున ముంచి, బుడగలు వస్తూ ఉండగా ‘ఊ’ అని రెండు మూడు నిమిషాలు సాగదీయండి. ఊపిరికి ఎదురొచ్చే ఆ కొద్దిపాటి ఒత్తిడి వల్ల స్వరతంత్రులు సున్నితంగా తాకుతాయి. చూసేవారు నవ్వితే నవ్వనివ్వండి, గాయకులు కూడా దీనిని చేస్తారు.

ఇన్ని చెప్పినా పరీక్ష తప్పదు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే స్వరతంత్రులను కళ్లతో చూడవలసిందే. మీకు రెండు నెలలయింది. సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి కొద్ది నిమిషాలలో చూస్తారు, ఆసుపత్రిలో చేరనక్కరలేదు. అక్కడ చిన్న కాయలు కనిపించినా భయపడకండి, అవి చాలామందిలో స్వర చికిత్సతోనే తగ్గుతాయి. మింగటం కష్టమవటం, రక్తం పడటం, మెడలో గడ్డ, ఊపిరిలో చప్పుడు వీటిలో ఏది ఉన్నా ఆ రోజే వెళ్లండి. ఉద్యోగం మానే మాట, ఆ పరీక్ష తరువాత కూడా రాకపోవచ్చు.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ప్లాస్టిక్ కుర్చీలో పది గంటలు కూర్చుంటాను. నడుము కింద నొప్పి, కళ్ల మంట, రాత్రిళ్లు కుడి చేతి వేళ్ల తిమ్మిరి ఉన్నాయి.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ కుర్చీ పెళ్లి భోజనాలకు చేసినది, పది గంటల పనికి కాదు. మార్చేలోగా నడుము వంపులో తువ్వాలు చుట్టి పెట్టుకుని, అరగంటకోసారి లేచి నడవండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. కళ్లు ఆర్పటం మరచిపోవటమే మీ మంటకు ముఖ్యకారణం కావచ్చు. తిమ్మిరి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లలో ఉంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నదని అనుమానించాలి. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోండి, మధుమేహానికి, థైరాయిడ్‌కు రక్తపరీక్ష చేయించుకోండి. చిటికెనవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం. ఎక్కువసేపు మోచేతిని బల్ల అంచుకు ఆనిస్తున్నారేమో గమనించి, ఏ వేళ్లో మళ్లీ రాయండి.