చీమిడిని చీమిడి అనే రాయి

అమ్మాయీ, ఆశీస్సులు.

లైసోజైమ్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. లైసోజైమ్ అనే ఎంజైమ్ ‘వీర సైనికుడు’, బ్యాక్టీరియా ‘శత్రుమూక’, కన్నీళ్లేమో ‘నేత్ర స్రావం’! అమ్మమ్మ ఉల్లిపాయలు తరుగుతూ కొంగుతో కళ్లొత్తుకునే వాక్యం బాగుంది. అదొక్కటే నీది, మిగతాదంతా అరువు.

1921లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, తరవాత పెన్సిలిన్ కనిపెట్టిన డాక్టర్ ఫ్లెమింగ్‌కి జలుబు చేసింది. తన చీమిడే తీసి బ్యాక్టీరియా పెంచే పళ్లెంలో వేశాడు. దాని చుట్టుపక్కల బ్యాక్టీరియా కరిగిపోయింది. కరిగించింది చీమిడిలోని లైసోజైమే. కన్నీళ్లకీ ఆ గుణం ఉందని తేలాక, కళ్లలో నిమ్మతొక్క పిండి మరీ కన్నీళ్లు పోగుచేశాడు. పాతికేళ్ల కిందట నేనిది రాసి పంపితే, ఒక ఎడిటర్‌గారు చీమిడిని ‘నాసికా స్రావం’ చేసి అచ్చేశారు. నా పేరుతోనే! మా ఆవిడ చదివి, ‘ఇదేం జబ్బండీ?’ అంది. ఆయన పోయారుగానీ నా కోపం పోలేదు.

ఇక నీ సైనికుడి సంగతి. బ్యాక్టీరియా గోడంటే రెండు రకాల చక్కెరల్ని ఒకటి విడిచి ఒకటి గుచ్చిన దండలు, వాటిని అడ్డంగా కలిపి కట్టిన పెప్టైడ్ ముక్కలు, అంటే చిన్న ప్రొటీన్ తునకలు. లైసోజైమ్ ఆ చక్కెరల మధ్య ముడి తెంపుతుంది, అంతే. సైకిల్ టైరు కోసుకుపోతే ట్యూబు ఆ సందులోంచి బుడగలా ఉబ్బి ఠాప్‌మంటుంది చూడు, అదీ కథ. ట్యూబుని ఎవరూ పొడవలేదు, లోపలి గాలే పేల్చింది. ఇక్కడ గాలి బదులు నీళ్లు. ‘సైనికుడు చంపాడు’ అనేసరికి ఇదంతా మాయమైపోయింది.

పెన్సిలిన్‌నీ దీన్నీ ఒకే గాటన కట్టావు. అది గోడ సరిగా కట్టుకోనివ్వదు, ఇది కట్టిన గోడని తెంపుతుంది. ‘సమస్త క్రిములనూ’ అన్నావు, అదీ తప్పే. మన పేగుల్లో ఉండే ఇ.కోలై లాంటి బ్యాక్టీరియాకి గోడ మీద ఇంకో పొర ఉంటుంది, దాన్ని దాటడం లైసోజైమ్‌కి కష్టం.

డిగ్రీలో ఉండగా, పలచటి మజ్జిగలా మసగ్గా ఉన్న బ్యాక్టీరియా గొట్టంలో నీళ్లు కలిపిన తెల్లసొన నాలుగు చుక్కలు వేశాం. దాన్లోనూ లైసోజైమ్ ఉంటుంది. కాసేపటికి గొట్టం వెనకాల పెట్టిన పేపర్లో అక్షరాలు ఒక్కొక్కటే కనబడ్డాయి. రికార్డులో మాత్రం ‘టర్బిడిటీ తగ్గెను’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. అక్షరాలు కనబడ్డాయని రాయడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది.

పారితోషికం, పుస్తకం గురించి అడిగావు, తరవాత చూద్దాం. ముందు ఇది తిరగరాసి పంపు. చీమిడి మీద ఎవరైనా ఎర్రగీత గీస్తే నాకు ఫోన్ చెయ్యి.