పేరు చూసి పరిగెత్తకు చిన్నీ

చిన్నీ,

నువ్వు యూనివర్సిటీలకి అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పగానే ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. నీ లిస్టులో ఉన్నవన్నీ అందరి నోళ్లలో నానే పేర్లే. ఎందుకవే అంటే "టాప్ ర్యాంకులు, ఫ్రెండ్సంతా అక్కడికే" అన్నావట.

గడువు తేదీలు, సర్టిఫికెట్లు, సిఫారసు ఉత్తరాలు నువ్వే చూసుకోగలవు.

ఆ పేరు ఎలా వస్తుందో మాత్రం విను. ప్రపంచ యూనివర్సిటీలకిచ్చే షాంఘై ర్యాంకింగ్‌లో వందకి 30 మార్కులు నోబెల్, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్ తెచ్చుకున్న ప్రొఫెసర్లకీ, పూర్వ విద్యార్థులకీ పోతాయి. నీకు మొదటి సెమిస్టర్లో పాఠం ఎవరు చెబుతారన్నదానికి సున్నా. 2022లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో పనిచేసే గణితం ప్రొఫెసరే తమవాళ్లు ర్యాంకు కోసం ఇచ్చిన లెక్కలు తప్పని బయటపెడితే, యూఎస్ న్యూస్ అనే అక్కడి పత్రిక ర్యాంకుల పట్టికలో ఆ యూనివర్సిటీ రెండో స్థానం నుంచి 18కి జారింది. అంతమాత్రాన ఆ ఏడాది అక్కడ పాఠాలు చెడిపోయాయా? ఇంకా తమాషా, 1984లో అమెరికాలోనే బోస్టన్ కాలేజీ ఆఖరి క్షణంలో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే, అక్కడికి దరఖాస్తులు పెరగడానికి ఆ గెలుపే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు!

మీ చిన్న మామయ్య ఇలాగే ఒక ప్రొఫెసర్ పేరు చూసి, అప్పు చేసి మరీ పెద్ద చోట చేరాడు. మొదటి సెలవులకి వచ్చినప్పుడు కోర్సుల పుస్తకం నా ముందు పెట్టాడు. వాడు ఏ రెండు సబ్జెక్టుల కోసం వెళ్లాడో సరిగ్గా వాటి పక్కనే "ఈ ఏడాది లేదు" అని ఉంది. ఆ ప్రొఫెసర్ పరిశోధన సెలవులో ఉన్నాడు, క్లాసులు రీసెర్చి విద్యార్థులు చెప్పేవాళ్లు. మానేసి వచ్చెయ్యరా అంటే, అంత పేరున్న చోటు వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారని వాడి భయం. ఇష్టంలేని సబ్జెక్టులోకి మారి డిగ్రీ పూర్తిచేశాడు గానీ, తర్వాత ఆ పుస్తకాలు ముట్టలేదు. తెలివైనవాడే, నీలాగే. అందుకే నాకీ గాభరా.

పేరుంటే లాభం లేదనడంలేదు, తోటివాళ్లు చురుగ్గా ఉంటారు, కంపెనీలూ వస్తాయి. కానీ ఉద్యోగాల సగటు జీతం చూసి మురిసిపోకు, ఇద్దరికి భారీ ప్యాకేజీలొస్తే సగటు ఎగిరిపోతుంది. ఎంతమందిలో ఎంతమందికి వచ్చాయో, జీతాలన్నీ వరసగా పేరిస్తే మధ్యలో ఉన్నవాడి జీతమెంతో అడుగు. నువ్వు చేరబోయే డిపార్ట్‌మెంట్లోనే రెండో ఏడాది చదివేవాళ్లని పట్టుకో. క్లాసుకి నిజంగా ఎవరొస్తారు, లిస్టులో ఉన్న ఎలక్టివ్‌లలో, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుల్లో, ఎన్ని నడుస్తున్నాయి, ల్యాబులో చోటు దొరుకుతుందా... సిగ్గుపడకుండా అడిగెయ్. బ్రోషర్లు మాత్రం నాకు పంపకు, వాటిలో ఎప్పుడూ పచ్చిక మీద కూర్చుని నవ్వే పిల్లలే!

వాళ్లు చెప్పింది రాసి ఈ ఆదివారంలోగా పంపు, ఫీజు ఆ తర్వాతే కట్టు. కోప్పడుతున్నానని అలగకు తల్లీ, ఎక్కడ చేరినా మొదటి సెమిస్టర్ పుస్తకాలు నేనే కొనిస్తా.

మీ పెద్దమ్మ