కోడ్ రాసేవారు మీతో ఎందుకు వస్తారు?

ప్రోగ్రామింగ్ రాని వ్యక్తికి టెక్నికల్ కో-ఫౌండర్, అంటే కోడ్ రాస్తూ కంపెనీని కలిసి స్థాపించే భాగస్వామి, ఎలా దొరుకుతారని అడిగారు. నేను అవతలి వైపు నుంచి చెబుతాను. నేను ప్రోగ్రామర్‌ను, ఇప్పుడున్న కంపెనీలో కో-ఫౌండర్‌గా చేరింది అలా ఒకరు వచ్చి అడిగితేనే. అంతకుముందూ చాలామంది అడిగారు. ఆలోచన గొప్పది, ముందు గోప్యత ఒప్పందంపై సంతకం పెట్టండి, యాప్ తయారుచేస్తే కొంత వాటా ఇస్తాం అనేవారు. ఎవరితోనూ కలవాలనిపించలేదు.

చివరికి నేను ఎవరితో చేరానో ఆమె ఒప్పందం మాటే ఎత్తలేదు. చిన్న క్లినిక్‌ల అపాయింట్‌మెంట్లు చూసిపెట్టే పని అప్పటికే ఒక ఫోనుతో, ఒక స్ప్రెడ్‌షీట్‌తో నడుపుతున్నారు. డబ్బు చెల్లించే క్లినిక్‌లు ఉన్నాయి. ఏ వేళలో ఫోన్లు ముంచెత్తుతాయో, రోగులు సమయం తీసుకుని కూడా ఎందుకు రారో, ఏ పని ఇక చేత్తో సాగదో ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. ఆ స్ప్రెడ్‌షీట్ చూస్తుండగానే ఏం రాయాలో నాకు అర్థమైపోయింది. మీరూ ముందు ఆ స్థితికి రండి. 1999లో నిక్ స్విన్‌మర్న్ అలా చేత్తోనే మొదలుపెట్టిన వ్యాపారమే ఆ తర్వాత జాపోస్ అనే ఆన్‌లైన్ బూట్ల దుకాణమైంది: దుకాణాల్లో బూట్ల ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టడం, ఆర్డరు వస్తే వెళ్లి కొని పంపడం.

ఎక్కడ వెతకాలంటే, మొదట మీతో కలిసి పనిచేసినవారిలో. ఇళ్లు, గదులు అద్దెకు బుక్ చేసుకునే ఎయిర్‌బీఎన్‌బీలో కోడ్ రాసిన నేథన్ బ్లెచార్‌జిక్, దాని మరో వ్యవస్థాపకుడు జో గెబియాకు పాత రూమ్‌మేట్. అలాంటివారు లేకపోతే కొత్త కంపెనీలకు పెట్టుబడి, సలహాలు ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 2021 నుంచి ఉచితంగా నడుపుతున్న కో-ఫౌండర్ వేదిక ఉంది.

ఎవరు దొరికినా వెంటనే వాటాలు పంచుకోవద్దు. కొన్ని వారాలు ఒక చిన్న పని కలిసి చేయండి, నిజమైన కస్టమర్ వాడేంత వరకు. అనుకున్న తేదీకి పని కాదని తెలిసినప్పుడు ఆయన ముందే చెబుతున్నారా, అడిగితేనే చెబుతున్నారా? మీరు కోరిన మార్పు అనవసరమని ఆయన అంటే మీరు వినగలుగుతున్నారా? మేమిద్దరం ఆ వారాల్లో గట్టిగానే వాదించుకున్నాం. మర్నాడు మళ్లీ మామూలుగా కూర్చుని పనిచేయగలిగాం. నన్ను ఒప్పించింది అదే.

ఆ తర్వాతే వాటా. కోడ్ అంతా రాయబోయే వ్యక్తికి నామమాత్రపు శాతం ఇస్తే ఆయన ఉద్యోగిగానే మిగిలిపోతారు. దాదాపు సమానంగా ఇవ్వడమే న్యాయమని నా గట్టి నమ్మకం. ఆయన మధ్యలో వెళ్లిపోతారనే భయముంటే దానికి వెస్టింగ్ ఉంది, అంటే వాటా ఒకేసారి కాక కాలంతోపాటు కొంచెం కొంచెంగా సొంతమవడం: సాధారణంగా నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాదు. ఇది మీ వాటాకూ వర్తించాలి. కోడ్ హక్కులు కంపెనీవేనని రాతపూర్వకంగా పెట్టుకోండి. కంపెనీ నమోదుకు ముందు రాసిన కోడ్‌ను కూడా దాని పేరిట బదిలీ చేయించాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే.