హెర్2 '2+' అంటే పాజిటివా, నెగెటివా?

మీ అక్కగారి రొమ్ము క్యాన్సర్ బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో హెర్2 '2+' అని ఉందనీ, రక్తంలో సీఏ 15-3 అనే ట్యూమర్ మార్కర్ (క్యాన్సర్ జాడ చూపే పదార్థం) మాత్రం నార్మల్‌గా వచ్చిందనీ, ఏది నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. రెండూ నిజమే కావచ్చండీ. అవి వేర్వేరు యాంటిజెన్‌లు, అంటే పరీక్షల్లో గుర్తుపట్టే వేర్వేరు ప్రోటీన్లు.

హెర్2 కణం పైపొర మీద ఉండే ప్రోటీన్. గడ్డ ముక్కకు రంగు పట్టించి, ఎంత ముదురుగా పట్టిందో చూసి 0 నుంచి 3+ దాకా మార్కు వేస్తారు. 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ఎటూ తేలలేదని. అప్పుడు అదే గడ్డ ముక్క మీద ఫిష్ (FISH) అనే జన్యు పరీక్ష చేసి, హెర్2 జన్యువు కాపీలు పెరిగాయేమో లెక్కపెడతారు. ఆ పరీక్షకు పంపారా అని ముందు డాక్టర్‌గారిని అడగండి. పాజిటివ్ వస్తే హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులకు దారి ఉంటుంది. నెగెటివ్ వస్తే దాన్ని ఈమధ్య 'హెర్2-లో' (HER2-low, అంటే హెర్2 తక్కువగా ఉన్నది) అంటున్నారు. జబ్బు వేరే అవయవాలకు పాకినవాళ్లలో కొందరికి దానికీ మందు ఉంది.

సీఏ 15-3 సంగతంటారా, అది మ్యూసిన్-1 అనే ప్రోటీన్ నుంచి ఊడి రక్తంలో కలిసే ముక్క. తొలి దశలో చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది, కాబట్టి దాన్నిబట్టి క్యాన్సర్ లేదనుకోకూడదు. (నన్నడిగితే, ఆ పరీక్ష మీకు టెన్షన్ పెంచడానికే పనికొచ్చింది!)

ఈఆర్, పీఆర్ (గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు) ఏం వచ్చాయో మీరు రాయలేదు. వాటితోపాటు ఫిష్ కూడా నెగెటివ్ అయితే అది ట్రిపుల్ నెగెటివ్ రకం, చికిత్స పద్ధతే మారిపోతుంది.