పిల్లల ఎదుగుదల పుస్తకంలో డబ్బుకూ ఒక పేజీ

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. పుట్టినప్పటి నుంచి ఇద్దరి ఎత్తు, బరువు, కొత్తగా నేర్చుకున్న సంగతులు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. పాప ఒకటో తరగతిలోనే కథల పుస్తకాలు గడగడా చదివేస్తోంది, టీచర్లు తెగ మెచ్చుకుంటున్నారు. ఇంకా ఖరీదైన స్కూల్లో వేయాలని ఉంది. పెద్ద చదువు కోసం పాప పేరు మీద పాలసీ తీసుకోమని ఒక ఏజెంటు చెబుతున్నారు. రిటైర్మెంట్ కోసం దాస్తున్న డబ్బు కొన్నేళ్లు ఆపి ఇటు మళ్లించవచ్చా? నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం.

జవాబు: మీరు పంపిన రెండు పేజీల ఫొటోలూ చూశాను. పాప పేజీలో ‘114 సెం.మీ., 19.5 కిలోలు, క్ష తప్పు లేకుండా రాసింది’ అని ఉంది. బాబు పేజీలో ‘95 సెం.మీ., పది వరకు లెక్కపెట్టాడు, ఏడు మాత్రం మింగేశాడు’ అని రాశారు. ఇంత శ్రద్ధగా చూసుకునే నాన్న ఉండటం ఆ పిల్లల అదృష్టం. ఆ పుస్తకం ఎప్పటికీ ఆపకండి.

అయితే అందులోని ముచ్చట్లను బట్టి డబ్బు నిర్ణయాలు మాత్రం తీసుకోకండి. ఆరేళ్లకు చక్కగా చదువుతున్న పిల్ల పద్దెనిమిదేళ్లకు డాక్టరు కోర్సు అడుగుతుందో, సంగీతం నేర్చుకుంటానంటుందో ఇప్పుడు చెప్పలేం. మూడేళ్ల బాబు సంగతి అసలే తెలియదు. అందుకే ఒకే కలకు, ఒకే బిడ్డ పేరుకు డబ్బును కట్టేయకూడదు. ఎటు కావాలంటే అటు తిప్పుకునేలా ఉండాలి.

ముందు స్కూలు విషయం. చిన్నతనంలో పెట్టిన ఖర్చుకే ఫలితం ఎక్కువ అంటూ చాలామంది 2000లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ పేరు చెబుతుంటారు. ఆ వాదనకు ఆధారంగా చూపే పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం 1962లో అమెరికాలోని ఇప్సిలాంటిలో మొదలైంది. అందులో పాల్గొన్న 123 మంది పిల్లలూ పేద కుటుంబాల వాళ్లే. వాళ్లలో దాదాపు సగం మందిని ప్రీస్కూల్లో చేర్చుకున్నారు, టీచర్లు వారానికోసారి ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులతో, పిల్లలతో కూర్చునేవారు. తొలినాళ్లలో కనిపించిన తెలివితేటల స్కోర్ల పెరుగుదల కొన్నేళ్లకు తగ్గిపోయింది. కానీ ఆ పిల్లలు పెద్దయ్యాక ఉద్యోగాల్లో, సంపాదనలో మేలు కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివించే పిల్లను ఇంకా ఖరీదైన స్కూలుకు మారిస్తే అంత లాభం వస్తుందని ఆ ప్రయోగం ఎక్కడా చెప్పలేదు. మీ పాపకు ఆ మేలు మీ ఇంట్లోనే అందుతోంది.

అయినా మార్చాలనే ఉంటే ఒక పని చేసి చూడండి. కొత్త స్కూలు ఫీజుకూ ఇప్పటి ఫీజుకూ ఎంత తేడా ఉందో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని ఆరు నెలల పాటు ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. బాబు కూడా అదే స్కూలుకు వెళ్తాడు కాబట్టి తేడా రెండింతలు అనుకోండి. అప్పు చేయకుండా, మిగతా పొదుపు ఆపకుండా ఇది సాగితే ఆ స్కూలు మీకు అందుబాటులో ఉన్నట్టే. మూడో నెలకే ఇబ్బందైతే, ఏటా పెరిగే ఆ ఫీజును పన్నెండేళ్లు కట్టడం కష్టం. స్కూలు ఫీజు ఎప్పుడూ నెల జీతంలోంచే వెళ్లాలి, దాచిన సొమ్ములోంచి కాదు.

ఇక పెద్ద చదువు. మీరు అనుకుంటున్న కోర్సుకు ఇవాళ 100 ఖర్చవుతుందనుకుందాం. ఏటా 8 శాతం చొప్పున పెరిగితే పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి అది 252, బాబు వంతు వచ్చేసరికి 317. పెట్టుబడి మీద ఏటా 9 శాతం వస్తుందనుకుంటే పాప కోసం నెలకు దాదాపు 1, బాబు కోసం 0.84 పక్కన పెట్టాలి. అంటే పాపకు నేటి ఖర్చులో నూరో వంతు నెలనెలా వేయాలన్నమాట. రాబడి 7 శాతమే వస్తే పాప కోసం వేయాల్సింది 1.12 అవుతుంది. అదే నాలుగేళ్లు ఆగి మొదలుపెడితే 9 శాతం వచ్చినా 1.8 వేయాలి. రాబడి కాస్త తగ్గినందువల్ల కలిగే నష్టం కన్నా ఆలస్యం వల్ల కలిగేదే చాలా ఎక్కువ. ఇప్పుడు అంత వీలుకాకపోతే సగంతోనైనా ఈ నెలే మొదలుపెట్టి, జీతం పెరిగిన ప్రతిసారీ పెంచుకుంటూ వెళ్లండి. పన్నెండేళ్ల గడువుంది కాబట్టి ఎక్కువ భాగం తక్కువ ఖర్చుండే ఇండెక్స్ ఫండ్లలో (సెన్సెక్స్ లాంటి మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండ్లు) పెట్టవచ్చు. ఫీజు కట్టే రోజుకు మూడు నాలుగేళ్ల ముందు నుంచి కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోవాలి. సరిగ్గా ఆ ఏడాదే మార్కెట్ పడితే పాప అడ్మిషన్ మన కోసం ఆగదు కదా.

పాప పేరు మీద పాలసీ వద్దు. ఇల్లు నడిచేది మీ ఇద్దరి జీతాల మీద. బీమా కూడా ఆ జీతాలకే ఉండాలి. మీలో ఎవరికైనా ఏదైనా జరిగితే తర్వాతి ప్రీమియంలు కంపెనీయే కడుతుందని ఏజెంటు చెప్పి ఉంటారు. అది మంచి సదుపాయమే, కాదనను. కానీ ఇద్దరి పేరా విడివిడిగా టర్మ్ పాలసీలు (గడువులోగా మనిషి పోతేనే డబ్బిచ్చే, పొదుపు కలపని బీమా) ఉంటే అంతకన్నా పెద్ద రక్షణ చాలా తక్కువ ప్రీమియంతో వస్తుంది. బీమా, పొదుపు కలిపిన పాలసీలను మొదటి కొన్నేళ్లలో ఆపేస్తే కట్టినదాంట్లో చాలా భాగం పోతుంది. డబ్బును ఎటైనా తిప్పుకునే వెసులుబాటుకు ఇది పూర్తిగా అడ్డం. టర్మ్ కవరు ఎంత ఉండాలంటే అప్పులు తీరాలి, పిల్లలు సొంత కాళ్ల మీద నిలబడేదాకా ఇంటి ఖర్చు సాగాలి, పైన చెప్పిన రెండు చదువులూ పూర్తవ్వాలి.

రిటైర్మెంట్ డబ్బును దయచేసి ముట్టుకోకండి. చదువుకు కొంత తక్కువైతే విద్యా రుణం దొరుకుతుంది, స్కాలర్‌షిప్ రావచ్చు, పాప చిన్న ఉద్యోగం చేసుకోవచ్చు. అరవై ఐదేళ్ల వయసులో తిండి ఖర్చుకు అప్పిచ్చే బ్యాంకు ఉండదు. అప్పుడు ఆ భారం పడేది మీరు ఇంత ప్రేమగా పెంచుతున్న ఆ ఇద్దరి మీదే, అదీ వాళ్లు తమ పిల్లల్ని పెంచుకుంటున్న వయసులో.

పెట్టుబడిని ఎలా గమనించాలో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డాక్టరు గ్రోత్ చార్టు చూసేటప్పుడు ఒక నెల చుక్క కిందికి జారిందని బెంగపడరు, పిల్ల తన గీత వెంట సాగుతోందా లేదా అన్నదే చూస్తారు. ఫండ్లూ అంతే. మీ నోట్‌బుక్ వెనక ఒక పేజీ తీసుకుని ఏడాదికోసారి, పాప పుట్టినరోజు దగ్గర, మూడు అంకెలు రాయండి: ఆ చదువుకు ఇవాళ్టి ఖర్చు, ఇప్పటికి జమైన మొత్తం, నెలనెలా వేస్తున్నది. బాబుకు వేరే పేజీ పెట్టండి. పెద్దబిడ్డ ఫీజుల హడావుడిలో రెండో బిడ్డ పొదుపు వెనకబడటం చాలా ఇళ్లలో చూస్తుంటాను.

ఇంకొక్కటి, ఈ వారంలోనే చేయండి. మీ ఖాతాల్లో, పాలసీల్లో పిల్లలు నామినీలుగా ఉంటే, వాళ్లు మైనర్లు కాబట్టి వాళ్ల తరఫున డబ్బు అందుకునే పెద్దవాళ్ల పేరు కూడా రాశారో లేదో చూడండి. మీ ఇద్దరికీ ఒకేసారి ఏమైనా అయితే పిల్లల్ని ఎవరు పెంచాలి, ఆ డబ్బు ఎవరు చూసుకోవాలి అన్నది మీ భార్యతో కూర్చుని మాట్లాడుకుని, వీలునామాలో రాసి సంతకం చేయండి.