భోగిపళ్లు పోస్తారా, వేస్తారా?

ప్రశ్న: మేం పుణెలో ఉంటాం. మా అయిదేళ్ల పాపకి భోగిపళ్ల పేరంటం పెట్టుకుని, ‘సాయంత్రం పాపకు భోగిపళ్లు పోస్తున్నాం, రండి’ అని వాట్సాప్‌లో పిలిచాను. ‘పోసేది నీళ్లూ పాలూ, పళ్లయితే వేస్తారు’ అని ఒక స్నేహితురాలు దిద్దింది. పాప కూడా ‘పళ్లెలా పోస్తారమ్మా?’ అంటోంది. ఏది సరి? ఇంకొకటి: పాపకోసం గోడ మీద ఋతువులూ పండుగల పట్టిక గీస్తున్నాం. సంక్రాంతి హేమంతంలోకి వస్తుందా, శిశిరంలోకా? ‘శరత్ ఋతువు’ అని రాస్తే తప్పా?

జవాబు: మీరు రాసిందే బాగుందమ్మా, పిలుపు మార్చకండి.

పోయడం ద్రవాలకే చెల్లుతుందని ఈమధ్య చాలామంది అనుకుంటున్నారు. గాదెలో వడ్లు పోస్తాం, డబ్బాలో బియ్యం పోస్తాం, మడిలో నారు పోస్తాం, కళ్లంలో రాశి పోస్తాం. వీటిలో ద్రవం ఏదీ లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం పెళ్లిపీటల మీద ఉంది. వధూవరులు తలంబ్రాలు పోసుకుంటారు. అదే పెళ్లిలో మనం అక్షింతలు మాత్రం వేస్తాం, లేదా చల్లుతాం. రెండూ బియ్యమే, రెండూ పడేది తల మీదే. నాలుగు గింజలు వేళ్లతో తీసి విడిస్తే వేయడం. దోసిలి నిండా తీసి ధారగా వదిలితే పోయడం. పదార్థం గట్టిదా పల్చనిదా అని తెలుగు చూడదు, అది ఎలా పడుతోందో చూస్తుంది. అందుకే ఒక్క మామిడిపండును ఎవరూ ‘పోయరు’. రేగుపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి దోసిళ్లతో తల మీంచి జారవిడిస్తే అది పోయడమే.

మరో సంగతి కూడా ఉంది. ‘పిల్లకి నీళ్లు పోశావా?’ అని మన ఇళ్లలో అడిగితే స్నానం చేయించావా అని అర్థం. భోగినాడు పొద్దున్నే తలంటి పోస్తాం, సాయంత్రం పళ్లు పోస్తాం. ఒకటే క్రియ, రెండు స్నానాలు. మీరుండే ఊళ్లోనే దీనికి తోడు దొరుకుతుంది. మీ మరాఠీ ఇరుగుపొరుగువాళ్లు సంక్రాంతి నుంచి రథసప్తమి లోపల చంటిపిల్లలకు నల్లబట్టలు కట్టి, చక్కెర నగలు పెట్టి, రేగుపళ్లతో చేసే వేడుకను ‘బోర్ న్హాణ్’ అంటారు. బోర్ అంటే రేగుపండు, న్హాణ్ అంటే స్నానం. పాప ప్రశ్నకు జవాబు కావాలంటే పక్కింటికి తీసుకెళ్లి ఆ వేడుక చూపించండి. నా వ్యాకరణం కంటే తొందరగా అర్థమవుతుంది.

‘భోగిపళ్లు వేయడం’ అనే ఇళ్లూ ఉన్నాయి, దాన్ని తప్పని కొట్టేయను. తెలంగాణవారు ‘పండ్లు’ అంటే అదీ సరైనదే. పండ్లు నుంచే పళ్లు వచ్చింది. తడబాటు వచ్చేది వేరేచోట. ఫొటోలు పంపుతూ కొందరు ‘మా బాబుకి భోగిపళ్లు పోయాం’ అని రాస్తారు. పోయుకు ‘పోశాం’, పోవుకు ‘పోయాం’. అయిదారేళ్ల పిల్లల విషయంలో ‘పళ్లు పోయాయి’ అని రాస్తే పాలపళ్లు ఊడాయేమోనని చుట్టాలు ఫోన్ చేస్తారు.

ఇక పట్టిక. మన చాంద్రమానంలో చైత్రం మొదలు రెండేసి నెలలకొక ఋతువు. మార్గశిరం, పుష్యం హేమంతం. మాఘం, ఫాల్గుణం శిశిరం. సూర్యుడు మకరంలోకి వచ్చేది పుష్యంలో కాబట్టి సంక్రాంతిని హేమంతంలో రాయండి. ‘సంక్రాంతికి చంకలెత్తలేనంత చలి’ అన్న సామెత కూడా పక్కనే రాస్తే పాపకి నచ్చుతుంది. బజారులో దొరికే పట్టికల్లో చలికాలం గడిలో మంచుమనిషి ఉంటాడు; మన ఊళ్లలో వాడికేం పని? ఆ చోట భోగిమంట గీయించండి.

ఒక్కచోట మాత్రం పట్టికకూ కిటికీకీ పొత్తు కుదరదు. జ్యేష్ఠ, ఆషాఢాలు గ్రీష్మమని పుస్తకం చెబుతుంది. ఆషాఢంలో హైదరాబాదులో బోనాలెత్తే నాటికి వానలు మొదలై ఉంటాయి. ఏరువాక పున్నమి జ్యేష్ఠంలోనే. పాప ‘ఇది వేసవి కాదుగా’ అంటే దాన్నే సమర్థించండి. ఆరు ఋతువులు పంచాంగానివి. నోటి మాటగా మనకున్నవి ఎండాకాలం, వానాకాలం, చలికాలం. పట్టికలో రెండు వరుసలూ ఉంటే గొడవ తీరుతుంది.

‘శరత్ ఋతువు’ అని విడదీసి రాస్తే అర్థానికి లోటేమీ లేదు. కలిపి రాస్తే మాత్రం ‘శరదృతువు’ అవుతుంది. పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి శరత్‌లోని చివరి త్ రూపం మారుతుంది: శరన్నవరాత్రులు, శరచ్చంద్రుడు. క ముందు మారదు కనుక శరత్కాలం. ‘శరద్ నవరాత్రులు’ అని దసరా బ్యానర్ల మీద కనిపించేది హిందీ వాసన తగిలిన రూపం, మీ గోడ మీద దానికి చోటివ్వకండి. పాపచేత రాయించేటప్పుడు ‘శరత్కాలం’ చాలు. ద కింద వట్రసుడి ఇంకో రెండేళ్లకు నేర్చుకుంటుంది.